కుక్కరు విజిలూ వినపడాలి, పాటా వినపడాలి!

మొన్నొక రోజు పొద్దున్నే మా ఎదురింటి వదినగారు గ్లాసెడు పంచదార కోసం వచ్చి, వంటింటి గుమ్మంలోనే ఆగిపోయారు. నేను పొయ్యి దగ్గర నిలబడి గోంగూర మగ్గబెడుతున్నాను. నెత్తిమీద ఇంత లావు హెడ్‌ఫోన్. "ఏంటి వదినా, విమానం గానీ నడుపుతున్నావా?" అన్నారు. "రండి రండి, పంచదార డబ్బా ఆ పై అరలో ఉంది, తీసుకోండి" అన్నాను, హెడ్‌ఫోన్ తియ్యకుండానే. ఆవిడ బుగ్గన వేలేసుకున్నారు. "అది పెట్టుకుని ఉండగా నా మాట నీకెలా వినపడింది?"

అదేనండీ ఇవాళ మీకు చెప్పబోయే సంగతి. మాది అడవులదీవి. రేపల్లె నుంచి నిజాంపట్నం వైపు వస్తే తగులుతుంది. సముద్రపు గాలి, రొయ్యల చెరువులు, మడ అడవులు... ఈ ఊళ్లో ఒక ఇల్లాలికి హెడ్‌ఫోన్ గొడవేమిటి అనుకుంటున్నారా? నేనూ నాలుగేళ్ల క్రితం అలాగే అనుకునేదాన్ని.

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి పాటల పిచ్చి. పాటలకంటే కూడా పాటలు వినే సామాను పిచ్చి! 2022 సంక్రాంతికి వస్తూ కొత్త హెడ్‌ఫోన్ తెచ్చుకుని, పాతది నా బల్లమీద పడేసి, "అమ్మా, నేను పై మోడల్‌కి మారిపోయా, ఇది నువ్వు వాడుకో" అన్నాడు. అది ఏ కంపెనీదో చెప్పను లెండి, ప్రకటన అనుకుంటారు. కానీ అది మామూలు హెడ్‌ఫోన్ కాదు, వెనక తెరిచి ఉండే రకం. ఓపెన్ బ్యాక్ అంటారు.

మామూలుగా మనం చూసే పెద్ద హెడ్‌ఫోన్లకి బయటివైపు గట్టి మూత ఉంటుంది. పెట్టుకుంటే బయటి లోకంతో సంబంధం సగం తెగిపోతుంది. ఈ రకానికి మూత బదులు జల్లెడలాంటి జాలీ ఉంటుంది. లోపల పుట్టిన శబ్దం చెవికీ వెళుతుంది, వెనక నుంచి బయటికీ పోతుంది. బయటి చప్పుళ్లు కూడా అలాగే లోపలికొస్తాయి. అందుకే పాట మన నెత్తిలో కాకుండా ఎదురుగా గదిలో పాడుతున్నట్టు ఉంటుంది. 1968లో సెన్‌హైజర్ అనే జర్మనీ కంపెనీ హెచ్.డి. 414 పేరుతో ఈ రకాన్ని అమ్మకానికి తెచ్చింది. పసుపు పచ్చ స్పాంజి మెత్తలతో ఉండే ఆ మోడలు అప్పట్లో లోకమంతా అమ్ముడుపోయింది.

ఇంకో మాట చెబితే మీకు నచ్చుతుంది. అసలు హెడ్‌ఫోన్ అన్నదే వంటింటి బిడ్డ! 1910 ప్రాంతంలో అమెరికాలో యూటా అనే చోట నథానియేల్ బాల్డ్విన్ అనే ఆయన తన వంటింట్లోనే కూర్చుని హెడ్‌ఫోన్లు తయారుచేసి అక్కడి నౌకాదళానికి అమ్మాడు. కాబట్టి వంటింట్లో హెడ్‌ఫోన్ పెట్టుకున్నామని మనం సిగ్గుపడక్కర్లేదు.

బస్సులోనో రైల్లోనో అయితే ఇది పనికిరాదు. మన పాట పక్కవాళ్లు వింటారు, వాళ్ల గోల మనం వింటాం. రాత్రి పక్కన మావారు నిద్రపోతుంటే కూడా కష్టమే. కానీ ఇల్లాలికి ఇంతకంటే సరిపోయేది లేదని నా అనుభవం. పాట వింటూనే కుక్కరు మూడు విజిళ్లూ లెక్కపెట్టుకోవచ్చు. పాలు పొంగే చప్పుడు తెలుస్తుంది. మా అత్తగారు "అమ్మాయ్" అని పిలిస్తే పలకొచ్చు. మన చెవులు మనకి పూర్తిగా ఎప్పుడు దొరికాయి గనక? సగం చెవి ఇంటికీ, సగం చెవి మనకీ. ఇది అలాంటి సామానే.

నా సంగతి కొంచెం చెప్పుకోనివ్వండి. పుట్టిల్లు రేపల్లె. చిన్నప్పుడు సంగీతం నేర్చుకుని వర్ణాల దాకా వచ్చాను. పెళ్లయ్యాక ఆగిపోయింది. ఎవరూ వద్దనలేదు, నేనే మరిచిపోయాను. పిల్లలు, చెరువుల లెక్కలు, అత్తగారి మందులు. ఆ హెడ్‌ఫోన్ పెట్టుకుని మొదట విన్నది ఎస్. జానకి గారి పాట. ఆవిడ మా రేపల్లె తాలూకా పల్లపట్లలోనే 1938లో పుట్టారు. 1957లో సినిమాల్లో పాడటం మొదలుపెట్టారు. చిన్నప్పటి నుంచి వందలసార్లు రేడియోలో విన్న పాటే. కానీ చరణానికి ముందు ఆవిడ ఊపిరి తీసుకోవడం ఆరోజే మొదటిసారి విన్నాను. కళ్లమ్మట నీళ్లు తిరిగాయి. పోపు మాడింది. మావారు ఆ రోజు మాడిన పప్పే తిన్నారు, పాపం!

గరగర మొదలైంది

అలా రెండేళ్లు గడిచాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, అప్పుడు మా ఇంట్లో రోజుల తరబడి గోడలన్నీ చెమ్మ. హెడ్‌ఫోన్‌ని ప్లాస్టిక్ కవరులో చుట్టి బీరువాలో పెట్టాను. జాగ్రత్త అనుకున్నాను గానీ, అదే తప్పు. లోపల చేరిన తడి బయటికి పోలేదు. నెల తరవాత తీసి చూస్తే చెవి మెత్తలు బంకబంకగా పెచ్చులూడుతున్నాయి. పెట్టుకుంటే బుగ్గలకి నల్లటి తొక్కలు అంటుకున్నాయి. ఎడమవైపు శబ్దం వచ్చి పోతోంది. కుడివైపు జానకమ్మ గొంతు పైకి వెళితే చాలు, గరగరమని చప్పుడు.

రేపల్లెలో చూపిస్తే "పాతదైపోయిందక్కా, కొత్తది కొనుక్కోండి" అన్నారు. అబ్బాయికి ఫోను చేస్తే వాడూ అదే మాట. "పారెయ్యమ్మా, ఇప్పుడు దానికి రెండు మోడళ్లు పైవి వచ్చాయి, ఇరవై వేల చిల్లరలో మంచిది వస్తుంది, నాన్ననడుగు."

నాన్ననడగాలట! ఆ ఏడు మా చెరువులో రొయ్యకి వైట్‌స్పాట్ తగిలి, కౌంటు రాకుండానే పట్టేశాం. మేత బాకీ అలాగే ఉంది. అయినా నిజం చెప్పనా? మిక్సీ పాడైతే ఆ రోజు సాయంత్రానికల్లా అడిగేదాన్ని. మోటారు కాలిపోతే పోట్లాడి బాగుచేయించేదాన్ని. అవి ఇంటివి. ఇది నా ఒక్కదానిది. నా చెవుల కోసం డబ్బులడగడానికి నాకు నోరు రాలేదు. మీలో ఎంతమందికి ఇది అనుభవమో మీకే తెలుసు. నెల రోజులు పాటలు మానేశాను. ఎవరూ గమనించలేదు కూడా.

ఒక మధ్యాహ్నం మా అత్తగారు ఉన్నట్టుండి, "ఏమ్మాయ్, ఈమధ్య కూనిరాగాలు తియ్యట్లేదేం? ఒంట్లో బాగుందా?" అన్నారు. నేను కూనిరాగాలు తీస్తానని నాకే తెలియదు! ఆ పూటే పోపుల డబ్బా అడుగున దాచుకున్న డబ్బులు లెక్కపెట్టాను. రెండువేల పైచిలుకు ఉన్నాయి. కొత్తది రాదు. పాతదాన్ని బాగుచేసుకుందామని కూర్చున్నాను.

విప్పి చూస్తే...

ముందు మెత్త తీశాను. భయమేమీ లేదండీ. కొన్ని మోడళ్లకి మెత్త వెనక ప్లాస్టిక్ చక్రం ఉండి, చిన్నచిన్న కొక్కేలతో పట్టుకుని ఉంటుంది. లోపలి అంచు పట్టుకుని మెల్లిగా లాగితే టిక్కున ఊడి వస్తుంది. ఇంకొన్నింటికి దిండు గలీబులాగా అంచు సాగదీసి తొడుగుతారు. మెత్త కింద పల్చటి స్పాంజి బిళ్ల, దాని కింద శబ్దం పుట్టించే పొర. దాన్ని వేలితో నొక్కకూడదు. నొక్కితే సొట్టపడి ఇక పనికిరాదు. దాని వెనక అయస్కాంతం ఉంటుంది కాబట్టి పిన్నీసులు, తలపిన్నులు, సూదులు దగ్గర పెట్టుకోకండి, ఎగిరెళ్లి అతుక్కుంటాయి.

కుడివైపు ఆ గరగర ఏమిటో తెలుసా? నా తలవెంట్రుక! మెత్త సందులోంచి జారి లోపలికెళ్లి, పొరకి తగులుతోంది. దువ్వుకోగానే హెడ్‌ఫోన్ పెట్టుకునే అలవాటు నాది. వెంట్రుకని జాగ్రత్తగా తీసేశాను. గరగర పోయింది. ఇరవై వేల రోగానికి ఒక్క వెంట్రుక కారణం!

ఇక ఎడమవైపు. నా హెడ్‌ఫోన్‌కి రెండు చెవులకీ విడివిడిగా ఊడొచ్చే వైరు ఉంది. ఇలాంటివాటికి ఒక చిట్కా ఉంది, రాసుకోండి. ఎడమ వైరు కుడివైపు, కుడి వైరు ఎడమవైపు మార్చి పెట్టండి. రోగం కూడా వైరుతోపాటు రెండోవైపు మారితే తప్పు వైరుది. మారకుండా అక్కడే ఉంటే తప్పు హెడ్‌ఫోన్ లోపలిది. నాది మారింది! అంటే వైరు మారిస్తే చాలు. ఫోను నడుముకి దోపుకుని పనిచేస్తాను కదా, పిన్ను మొదట్లో వైరు మడత పడీ పడీ లోపలి తీగ తెగింది. వైరు దూర్చే రంధ్రాల్లో కూడా ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టింది. మొబైల్ రిపేరువాళ్లు వాడే స్పిరిట్‌ని పుల్లకి చుట్టిన దూదిమీద రెండు చుక్కలు వేసి, తడి కారకుండా తుడిచాను. నిగనిగలాడింది.

వైరు ఊడిరాని రకమైతే మాత్రం మనం చెయ్యిపెట్టకపోవడమే మేలు. లోపలి సన్నతీగలకి రంగు పూత ఉంటుంది. దాన్ని కాల్చి తీసిగానీ టంకం పట్టదు. పిన్ను చివరి ముక్క ఎడమ చెవికి, మధ్య ముక్క కుడి చెవికి, మొదలు రెండింటికీ ఉమ్మడి. ఈ సంగతి తెలిసిన రిపేరతనికి ఇస్తే పావుగంట పని.

మెత్తలు కొనేటప్పుడు

మెత్తలు తెప్పించడంలో నేనో తెలివితక్కువ పని చేశాను. బొమ్మ చూసి గుండ్రటివి తెప్పించాను. నావి కోలగా ఉన్నవి! వాటిని తిప్పి పంపడానికి వారం పట్టింది. రెండోసారి జాకెట్టు కొలతల టేపు తీసుకుని, పొడవు, వెడల్పు, లోపలి ఖాళీ అన్నీ కొలిచి, మోడలు పేరు సరిచూసి తెప్పించాను. మెత్తలకి తొమ్మిది వందలు, వైరుకి ఏడు వందలు అయ్యాయి.

మెత్తల్లో రెండు రకాలు ముఖ్యం. తోలులాంటి రెక్సిన్‌వి ఒకటి, మఖమల్ గుడ్డవి ఒకటి. రెక్సిన్ మెత్త చెవి చుట్టూ గట్టిగా మూస్తుంది. తబలా, మృదంగం బరువుగా వినపడతాయి. కానీ చెమట పడుతుంది, మన తీరం తేమకి ఆ పూత విరిగి పెచ్చులూడుతుంది. మఖమల్‌వి గాలి ఆడతాయి, ఎండాకాలం హాయి. అయితే దుమ్మూ నూనే పీల్చుకుంటాయి. ఏది వేస్తే దాన్నిబట్టి పాట రంగు మారుతుంది. కాబట్టి మొదట ఏ రకం వచ్చిందో అదే వెయ్యడం మంచిది. నాది మొదట మఖమల్‌దేనట. మా అబ్బాయి మార్చి రెక్సిన్‌వి వేశాడట. నేను మళ్లీ మఖమల్‌వే తెప్పించాను.

కొత్త మెత్తలు వేసి పెట్టుకున్న రోజు చూడాలి! పాతవి దూది అణిగిన దిండులా చచ్చుపడి, చెవి లోపలి బిళ్లకి తగిలేది. పాట గొంతుమీదికొచ్చి అరిచినట్టుండేది. ఇప్పుడు మళ్లీ దూరం వచ్చింది, గది వచ్చింది, ఆ ఊపిరి వచ్చింది. మొదటి నాలుగు రోజులు కొంచెం బిగుతుగా ఉంటుంది, కంగారు పడకండి, సర్దుకుంటుంది.

పై మోడల్ మాయ

ఆ తరవాత దసరాకి మా అబ్బాయి వచ్చాడు. వాడి కొత్త హెడ్‌ఫోన్ నా చెవులకి పెట్టాడు. ఏమాటకామాటే చెప్పాలి, బాగుంది. వీణ తీగ మీటినప్పుడు గోరు తగిలే చప్పుడు కూడా వినపడింది. నాదానికంటే మెరుగే. కానీ దానికి ఫోను సరిపోదట. దాని నిరోధం 300 ఓములట. నేరుగా ఫోనుకి పెడితే, చిన్న మోటారుతో మూడంతస్తుల ట్యాంకుకి నీళ్లెక్కించినట్టు, గొంతు పీలగా వస్తుంది. అందుకని ఆంప్లిఫయర్ కొన్నాడు. దానికి మరో డబ్బా. దానికి ఖరీదైన వైరు. పట్టుచీర కొన్నాక జాకెట్టు, దానికి తగ్గ గాజులు, ఆ గాజులకి తగ్గ గొలుసు అని మనం అంటే వెక్కిరించే మగాళ్లు ఇదే పని చేస్తున్నారు చూశారా?

"అమ్మా, ఇంకో మోడలు వచ్చింది, దానికి మారదామనుకుంటున్నా, ఇది ఈమధ్య కొంచెం మసకగా వినపడుతోంది" అన్నాడు. నేను వాడి హెడ్‌ఫోన్ చేతిలోకి తీసుకుని మెత్త వేలితో నొక్కి చూశాను. అప్పడంలా అణిగి ఉంది. "మోడలు కాదు నాన్నా మార్చాల్సింది, మెత్త" అన్నాను. వాడు నవ్వాడు. హైదరాబాదు వెళ్లి మెత్తలు మార్చి, వారం తరవాత ఫోను చేశాడు. "అమ్మా, కొత్తది కొనడం వాయిదా వేశానే."

పై మోడలు కొనడం తప్పని నేననను. డబ్బుండి, ముచ్చట ఉంటే కొనుక్కోవచ్చు. కానీ కొనేముందు రెండు సంగతులు చూడండి. ఒకటి, ఇప్పుడున్నదానికి కొత్త మెత్తలు వేసి, వైరు సరిచేసి విన్నారా? చచ్చిన మెత్తల పాతదాన్ని, కొత్త మెత్తల కొత్తదానితో పోల్చడం అన్యాయం. రెండు, కొనబోయేదానికి విడిభాగాలు దొరుకుతాయా? సెన్‌హైజర్ వాళ్ల హెచ్.డి. 600 మోడలు 1997లో వచ్చింది. ఆ వరసలోనే 2003లో 650, 2017లో 660 ఎస్, 2023లో దాని రెండో రూపం వచ్చాయి. ఇన్ని వచ్చినా మొదటిదాన్ని వాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారంటే కారణం, మెత్తలూ వైరూ మనమే ఊడదీసి మార్చుకునేలా చెయ్యడం. ఇక వేలకు వేలు పోసి వెండి తీగ వైర్లు కొనే పని పెట్టుకోకండి. వైరు మెత్తగా వంగాలి, పిన్ను బిగుతుగా ఉండాలి, వంటింటికి తగ్గ పొడవుండాలి, అంతే. పొడుగు వైరైతే కాళ్లకి అడ్డం, పొయ్యి దగ్గర ప్రమాదం కూడా. నేను నాలుగడుగుల వైరు తీసుకుని, పైట లోపలినుంచి నడుము దాకా పోనిస్తాను.

మన ఆడవాళ్లకి మాత్రమే అవసరమైన జాగ్రత్తలు కొన్ని చెబుతాను. కొబ్బరినూనె రాసుకున్న గంటకే హెడ్‌ఫోన్ పెట్టుకోకండి, మెత్తలకి నూనె పట్టి ముక్కవాసన వస్తుంది. బుట్టకమ్మలు, మాటీలు తీసి పెట్టుకోండి, మెత్త చిరుగుతుంది, చెవీ నొప్పెడుతుంది. జడ ముడి వేసుకున్నాకే పెట్టుకోండి. మఖమల్ మెత్తల్ని ఊడదీసి, గోరువెచ్చటి సబ్బునీళ్లలో ముంచి పిండకుండా ఒత్తి, నీడన ఆరబెట్టొచ్చు. పూర్తిగా ఆరాకే తొడగాలి. రెక్సిన్‌వి ఉతక్కండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. వానాకాలం ప్లాస్టిక్ కవరులో కాకుండా గుడ్డసంచిలో పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, చెవి. ఈ రకం హెడ్‌ఫోన్‌లో మిక్సీ చప్పుడు లోపలికొస్తుంది కదా అని శబ్దం పెంచేస్తాం. అది మంచిది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పిన హద్దు 80 డెసిబెల్స్, అదీ వారానికి 40 గంటలే. మిక్సీ వేసేటప్పుడు పాట ఆపెయ్యండి, మిక్సీ ఆగాక మళ్లీ వినండి.

చివరగా ఒక్కమాట. మూతలున్న హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడితే మన గొంతు మనకి కుండలో మాట్లాడినట్టు వినపడుతుంది. ఈ తెరిచిన రకంలో మన గొంతు మనకి ఉన్నదున్నట్టు వినపడుతుంది. అందుకే ఈమధ్య జానకమ్మతోపాటు నేనూ పాడుతున్నాను. శ్రుతి తప్పితే వెంటనే తెలుస్తోంది, సరిచేసుకుంటున్నాను. మొన్న సాయంత్రం మావారు చెరువు నుంచి వచ్చి వరండాలోనే చాలాసేపు నిలబడ్డారట. లోపలికొచ్చి, "ఎవరు పాడుతున్నారు, నువ్వేనా?" అన్నారు. "కాదు, మా రేపల్లె అమ్మాయి" అన్నాను. ఏ అమ్మాయో ఆయనే తేల్చుకుంటారు లెండి!

మీ ఇంట్లో కూడా బీరువా మీదో మంచం కిందో అబ్బాయి వదిలేసిన పాత హెడ్‌ఫోన్ ఉండే ఉంటుంది. ఒకసారి దించి, దుమ్ము తుడిచి, మెత్త ఊడదీసి చూడండి. లోపల మీ వెంట్రుకే ఉందేమో!